నెహేలం ఒడ్డున గుర్రం సవారీ

హిల్స్‌బరో,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

జాబు ఆలస్యమైంది, తిట్టకు. అందరం బాగున్నాం. పాప బడిలో చేరింది, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఆఫీసు మామూలే. మిగతావి ఫోన్లో. అసలు సంగతి విను.

సెప్టెంబరులో సముద్రం ఒడ్డున గుర్రమెక్కుతున్నాన్రా! ఆర్.కె. బీచ్‌లో పగ్గం గుర్రంవాడు పట్టుకుంటే మనం ఫొటోకి నవ్వే సవారీ కాదు. (మహారాణా ప్రతాప్ గారూ, ఆ రోజు ముంతమసాలా ఎవరు తిన్నారో ఇంకా ఎవరికీ చెప్పలేదు.) ఈసారి పగ్గాలు నా చేతిలోనే.

చోటు నెహేలం, అమెరికాలో మా ఒరెగాన్ రాష్ట్రపు తీరాన ఉన్న ఊరు. ఇక్కణ్ణుంచి 26వ నంబరు రోడ్డు పట్టుకుని అడవిలోంచి పోయి, 101వ నంబరు రోడ్డు మీద దక్షిణానికి తిరగాలి. ఉత్తరాన నియాకానీ కొండ 1,600 అడుగుల పైనుంచి నేరుగా సముద్రంలోకి దిగుతుంది. దాని కింద మైళ్ల కొద్దీ ఇసుక.

అక్కడే ఎందుకంటే, ఆ దారిన ఒకప్పుడు ఒరెగాన్ గవర్నర్ ఆస్వాల్డ్ వెస్ట్ ఉత్తరాన ఉన్న కానన్ బీచ్ అనే ఊరి దగ్గర గుర్రమెక్కి, ఈ కొండ దాటి నెహేలం వచ్చాడట. అప్పట్లో ఇక్కడ రోడ్డేదీ? తడి ఇసుకే రోడ్డు. ఒడ్డు ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోతోంది. 1913లో ఆయన తీరం పొడవునా తడి ఇసుకంతా ప్రభుత్వ రహదారి అని చట్టం చేయించాడు. రహదారిని ఎవడు కొంటాడ్రా! ఆ తర్వాత 1967లో గవర్నర్ టామ్ మెకాల్ హయాంలో పొడి ఇసుక మీద కూడా జనానికి హక్కొచ్చింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. భీమిలి వైపు మనం తిరిగిన చోట్ల ఇప్పుడెన్ని గోడలు లేచాయో... సరే, అది మొదలెడితే తెల్లారిపోతుంది.

ఇక ముహూర్తం. ఆటు వేళే వెళ్లాలి, అప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో పరిగెత్తిస్తే గుర్రం కాళ్లలో కండరాన్ని ఎముకకి కట్టే స్నాయువులు దెబ్బతింటాయట. పైగా ప్లోవర్ అనే చిన్న పిట్టలు పొడి ఇసుకలో గుడ్లు పెడతాయి. వాటికోసం కేటాయించిన చోట్ల మార్చి 15 నుంచి సెప్టెంబరు 15 దాకా తడి ఇసుక దాటకూడదు. అందుకే ఆ తేదీ వెళ్లాకే అనుకుంటున్నా. ఇక్కడ రోజుకి రెండు ఆటులూ ఒక్కలా ఉండవు. ఒకసారి నీరు బాగా వెనక్కి పోతుంది, రెండోసారి అంత పోదు. వేళ కూడా రోజుకి దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. మీ తాత తిథి అడిగి, నీరెప్పుడు తీస్తుందో ఠక్కున చెప్పేవాడు. ఆయన ఉండుంటే ఈ పట్టికలన్నీ ఎందుకు... చాలా గుర్తొస్తున్నాడ్రా.

సుజాతకి భయం. ఇక్కడ చెప్పాపెట్టకుండా ఒక పెద్ద అల ఎక్కడి దాకానో ఎక్కొచ్చేస్తుంది, సముద్రానికి వీపు చూపించకూడదు. మాటిచ్చాను.

సాధన చేస్తున్న ఆడగుర్రం గురించి చెప్పాలి. జీను వేసేటప్పుడు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. పొట్టకింద పట్టీ గట్టిగా లాగాం అనుకుంటాం. నాలుగడుగులు వేసి ఊపిరి వదిలేసరికి పట్టీ కింద నా వేళ్లన్నీ దూరతాయి. దిగి మళ్లీ బిగించాలి. అప్పుడు మెడ తిప్పి నన్నే చూస్తుంది, ఎంత ముద్దొస్తుందో! అల వెనక్కి పోయేటప్పుడు కొత్త గుర్రాలు బెదురుతాయని నేర్పించే ఆవిడ చెప్పింది. అలవాటున్న గుర్రాన్ని ముందు నడిపించి, నీళ్లలోకి ఏటవాలుగా దించాలట. వచ్చాక కాళ్లకీ పొట్టకీ ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి.

నీ వీసా ఉందిగా, వచ్చెయ్! నిజంగానే అంటున్నా. మడమ ఉన్న బూట్లు తెచ్చుకో, లేకపోతే పాదం రికాబులోంచి, అంటే కాలు పెట్టే కడియంలోంచి, జారి ఇరుక్కుంటుంది. నీ బరువు కూడా రాయి. జీనుతో కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు, దాన్నిబట్టే నీకు గుర్రాన్ని చూడమని...

పాప లేచి ఏడుస్తోంది, పోతున్నా. బరువు నిజం రాయి.

నీ
చిన్ని