ఆ మచ్చకు తల్లిని నిందించకండి

సంపాదకుడు గారికి,

వీపు మీద పెద్ద మచ్చతో పుట్టిన బిడ్డ గురించి పోయిన వారం మీ జిల్లా పేజీలో ‘వింత శిశువు జననం’ అని వేసిన వార్త చదివాను. ఎవరైనా డాక్టరు గారు ఖండిస్తూ రాస్తారు, మీరు వివరణ వేస్తారు అని రోజూ పేపరు తిరగేశాను. ఎవరూ రాయలేదు, మీరూ వేయలేదు. ఉద్యోగమంతా కాన్పుల వార్డుల్లోనే చేసి రిటైరైన నర్సును కాబట్టి నేనే రాస్తున్నాను.

పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టి, వీపంతా కనిపించేలా ఫొటో తీశారు. తల్లి పేరు, ఊరి పేరు కూడా వేశారు. పైగా ‘గ్రహణం రోజు గర్భిణి బయటికి వచ్చిందని స్థానికులు చెప్పుకుంటున్నారు’ అని రాశారు. ఎవరండీ ఆ స్థానికులు? అదే ఆస్పత్రిలో పిల్లల డాక్టరు ఉన్నారు కదా, ఆయన్ను ఒక్క మాట అడగడానికి మీ విలేకరికి ఏం అడ్డొచ్చింది? బాలింత ఉన్న ఇంటికి ఇప్పుడు జనం తండోపతండాలుగా చూడ్డానికి వెళ్తున్నారని విన్నాను. పచ్చి బాలింతరాలు వచ్చినవాళ్లందరికీ ఏమని సంజాయిషీ చెప్పుకోవాలి?

ఆ బిడ్డకు ఉన్నది పుట్టుమచ్చే. మనందరి ఒంటి మీద ఉండే మచ్చల్లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. పిండం రూపు కడుతున్న తొలి నెలల్లో, చర్మానికి రంగునిచ్చే కణాల్లో ఒకదాని జన్యువులో మార్పు వస్తుంది. చాలామందిలో అది ఎన్‌రాస్ అనే జన్యువు. ఆ కణం పెరిగినంత మేరా మచ్చ పరుచుకుంటుంది. కొందరికి నడుం నుంచి తొడల దాకా చెడ్డీ తొడిగినట్టు ఉంటుంది. మీద వెంట్రుకలుంటాయి, చుట్టూ చిన్న చిన్న మచ్చలు చాలా ఉంటాయి. తల్లి తిన్నదాని వల్లా, చూసినదాని వల్లా, బయటికి వెళ్లినందువల్లా ఇది రాదు. సుమారు 20 వేల మంది పిల్లల్లో ఒకరికి ఇంత పెద్ద మచ్చ వస్తుంది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం దేశమంతా కనిపించింది. ఆ రాత్రి ఎంతమంది గర్భిణులు నైట్ డ్యూటీలు చేశారు, బస్సుల్లో ప్రయాణాలు చేశారు! గ్రహణం విడిచేదాకా చీకటి గదిలో కదలకుండా, గొంతులో చుక్క నీళ్లు పోసుకోకుండా పడుకున్న తల్లుల పిల్లలకూ మచ్చలుండటం నేను వార్డులో చూశాను.

ఇలాంటి వార్తల వల్ల ఏమవుతుందో మీకు తెలియాలి. మా వార్డులో ఒక బిడ్డకు వీపు మీద ఇలాంటి మచ్చే ఉండేది. నానమ్మ గారు సున్నిపిండి పెట్టి రోజూ రుద్దేవారు, మచ్చ అరుగుతుందని. ఆ మచ్చ మీది చర్మం మామూలు చర్మంలా ఉండదు. పొడిబారి దురద పెడుతుంది, చిన్న రాపిడికే చిట్లుతుంది. టీకాకు తెచ్చిననాడు చొక్కా విప్పితే గుడ్డ పుండుకు అంటుకుపోయి ఉంది. తడి చేసి, మెల్లగా ఊడదీస్తుంటే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. తల్లి ఒక మూల నిలబడి ‘నా వల్లే సిస్టర్’ అంటుంటే మా అందరికీ కళ్లు తిరిగినంత పనైంది. ఆ అమ్మాయిని అలా నమ్మించింది ఎవరు?

నిజంగా రాయాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. వీపు మధ్యలోనో తల మీదో పెద్ద మచ్చ ఉండి, చుట్టూ చిన్నవి చాలా ఉంటే, కొందరిలో ఆ రంగు కణాలు మెదడులో, వెన్నుపాము పొరల్లో కూడా ఉంటాయి. అది తెలియాలంటే ఎమ్మారై స్కాన్ తీయాలి, అదీ బిడ్డకు ఆరు నెలలు నిండక ముందే తీస్తే బాగా తెలుస్తుంది. ఆ వయసులో చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు, కడుపునిండా పాలు పట్టి, గుడ్డలో చుట్టి నిద్రపుచ్చి తీయవచ్చు. ఇక బాగా పెద్ద మచ్చలున్నవారిలో నూటికి రెండు నుంచి ఐదుగురికి మెలనోమా అనే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. అంటే మిగతా తొంభై అయిదు మందికి పైగా రాదు. కానీ గడ్డ లేచినా, రంగు మారినా, రక్తం కారినా వెంటనే చూపించాలి. ఇందులో ఒక్క ముక్క అయినా మీ వార్తలో ఉందా?

చూపించడానికి చోటేదీ అంటారా, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేయడానికి 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే లోపాల జాబితా ఒకటుంది. గ్రహణం మొర్రి ఉంది, వంకర పాదాలు ఉన్నాయి, గుండె జబ్బు, చెవుడు, కంటి శుక్లం ఉన్నాయి. ఈ పెద్ద మచ్చ లేదు. ఫారంలో గడి లేకపోతే మన దగ్గర రోగమే లేనట్టు. ఒక ఆస్పత్రిలో చర్మం డాక్టరు ఉంటే ఎమ్మారై స్లాటు దొరకదు, స్లాటు దొరికేనాటికి బిడ్డ మొదటి పుట్టినరోజు వచ్చేస్తుంది. అధికారుల్ని అడిగితే పై నుంచి ఆర్డరు రావాలంటారు. కొత్త భవనాల ప్రారంభాలకు మాత్రం అందరూ వరసగా వస్తారు. అంగన్‌వాడీలో చేర్చబోతే అంటువ్యాధి కాదని సర్టిఫికెట్ తెమ్మన్న సంగతి మా చుట్టాలమ్మాయే చెప్పింది. అంటుకోదని ఆ టీచరమ్మకు శిక్షణలో ఎవరూ చెప్పలేదు మరి.

ఈ సందులో దూరేది తాయెత్తులవాళ్లు, ‘నాలుగు సిట్టింగుల్లో మాయం’ అనే లేజర్ బోర్డులవాళ్లు. లేజర్ పై రంగును కాస్త తగ్గించగలదు గానీ లోపలి కణాలు అలాగే ఉంటాయి. తాయెత్తులతో, మంత్రాలతో రోగాలు నయమవుతాయని ప్రకటనలు వేయకూడదని 1954 నుంచే చట్టం ఉంది. మీ క్లాసిఫైడ్స్ పేజీ ఒకసారి మీరే చూడండి. ఆపరేషన్ దారి ఉంది కానీ అది ఏళ్ల తరబడి సాగే పని. పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి, వారాల తరబడి సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసి, ఆ చర్మంతో మచ్చ తీసిన చోటు కప్పుతారు. అంతా తీసేసినా క్యాన్సర్ భయం పూర్తిగా పోదని డాక్టర్లే చెబుతారు. చేయించాలా వద్దా అనేది తల్లిదండ్రులు, ప్లాస్టిక్ సర్జన్, పిల్లల డాక్టరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇంకో మాట. మన పిల్లల్లో చాలామందికి పిరుదుల మీద నీలంగా కనిపించే మచ్చలు వేరు. అవి కొన్నేళ్లలో వాటంతటవే పోతాయి. వాటికి టెన్షన్ పడాల్సిన పని లేదు.

మీ ఈ-పేపర్ నుంచి ఆ బిడ్డ ఫొటో, తల్లి పేరు తీసేయండి. గ్రహణం మాట తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. పక్కనే ఒక పిల్లల డాక్టరుతో, ఒక చర్మం డాక్టరుతో వివరంగా రాయించండి. జిల్లా వైద్యాధికారులు పుట్టిన బిడ్డ పరీక్ష ఫారంలో ఈ మచ్చకు ఒక గడి చేర్పించి, ఆరు నెలల లోపు ఎమ్మారైకి పంపే ఏర్పాటు చేయాలి. చేస్తారో లేదో మీ విలేకరిని పంపి కనుక్కోండి.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు జిల్లా