గాజువాక కాలువలను దిగువ నుంచి కొలిపించండి

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నంలోని గాజువాక వాననీటి కాలువల పనుల అంచనాలు వార్డులవారీగా వేయడం ఆనవాయితీ. ఈసారి కాలువల నీరు చివరికి చేరే ఉప్పుటేరు (సముద్రపు పోటు వచ్చే ఏరు) దగ్గర మొదలుపెట్టి పైకి రమ్మని మా మనవి.

ఈ ఊరు ఒక ప్లాను ప్రకారం పెరిగింది కాదు. 1966లో బీహెచ్‌పీవీ (భారీ ప్లేట్లు, వెసల్స్ ఫ్యాక్టరీ) వచ్చింది. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేశారు. భూములిచ్చిన పల్లెలవాళ్లు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి నిర్వాసిత కాలనీలకు చేరారు. ఉద్యోగులకు ఉక్కునగరం విడిగా, సెక్టార్ల లెక్కన లేచింది (ఆ తీరు గాజువాకకు దక్కలేదు). మిందిలో జింక్ స్మెల్టర్, ఇవతల ఆటోనగర్. 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసేనాటికే ఎవరి కాలువ వారిది.

తూర్పు, ఆగ్నేయాల్లో యారాడ కొండ అడ్డు. అందుకే సముద్రం దగ్గరే ఉన్నా ఊరి ఉత్తర భాగం నీరు మింది, షీలానగర్ పల్లానికి దిగాల్సిందే. అక్కడిది మేఘాద్రి గెడ్డ (వాగు) కలిసే ఉప్పుటేరు నేల. దాన్ని తవ్వే 1933లో ఓడరేవు తెరిచారు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి పోటుకు గట్టి వాన తోడైతే కాలువ నోట్లో నీరు కదలదు. ఎకరం మీద 5 సెంటీమీటర్ల వాన అంటే సుమారు 2 లక్షల లీటర్లు. పోటు తీసేదాకా అదంతా ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆగే చెరువులు, పల్లపు బయళ్లు పూడ్చి ప్లాట్లు వేశాక మిగిలేది వీధులే.

ముందు లెవెల్ సర్వే, అంటే ఎత్తుపల్లాల కొలత. కాలువ నోటి నుంచి హైవే కింది కల్వర్టుల దాకా, అక్కడి నుంచి కొండ వాలు దాకా కాలువ అడుగు మట్టాలన్నీ ఒకే బెంచ్‌మార్కు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తు) నుంచి లెక్కకట్టాలి. కిలోమీటరుకు అర మీటరు వాలున్న కాలువలో ఒక్క కల్వర్టు అడుగు 30 సెంటీమీటర్లు ఎత్తయితే వెనక 600 మీటర్లు నీరు నిలుస్తుంది. పైన ఎంత లోతు తవ్వినా అది దిగదు. పోటు తగిలేచోట షట్టర్లు పెడితే వాటి ముందు చెత్త ఆపే కడ్డీల జల్లెడ కూడా పెట్టాలి. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ ఇరుక్కుంటే తలుపు మూసుకోదు, పోటునీరు లోపలికే వస్తుంది.

పూడికతీత మే నెలతో అయిపోయిందనుకోవద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. సెప్టెంబరులో రెండో విడత తీయించండి. తీసిన మట్టిని గట్టున వదలకుండా రెండు రోజుల్లో ఎత్తించే షరతు టెండరులోనే రాయించండి.

ఇట్లు,
గాజువాక పరిసర కాలనీల విశ్రాంత సర్వేయర్లు, సివిల్ ఇంజనీర్లు