రోడ్డు తవ్వేముందు ఒక్క మాట చెప్పరూ!

సంపాదక మహాశయులకు,

మేం తెగిన ఫైబర్ కేబుళ్లను, అంటే వెలుతురు రూపంలో డేటా మోసే గాజు పోగులను, అతికించే పనివాళ్లం. తిరుపతిలో నెట్ పోయిందంటే అందరి చూపూ టవరు మీదికే పోతుంది. చాలాసార్లు టవరు బాగానే ఉంటుంది. దానికి డేటా తెచ్చే ఫైబర్ మాత్రం ఏ కాలువ పనిలోనో, మంచినీళ్ల పైపు పనిలోనో తెగి ఉంటుంది. 2022 అక్టోబరులో దేశంలో 5జీ మొదలయ్యాక ఈ బాధ ఇంకా ముదిరింది. అంతకుముందు చాలా టవర్లు మైక్రోవేవ్ డిష్‌లతో ఒకదానికొకటి డేటా అందించుకునేవి. కొన్ని వందల మెగాబిట్లతో పని గడిచిపోయేది. ఇప్పుడు 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండులో పనిచేసే ఒక్క 5జీ సెక్టారే (టవరు ఒక వైపుకు సిగ్నల్ పంపే భాగం) రద్దీ వేళ గిగాబిట్ దాకా అడుగుతుంది. అలాంటి సెక్టార్లు టవరుకు మూడుంటాయి. 80 గిగాహెర్ట్జ్ డిష్‌లు అంత బరువు మోయగలవు గానీ రెండు మూడు కిలోమీటర్లు దాటితే కష్టం. జడివాన పట్టుకుంటే ఆ దూరమూ అందదు. ఇక మిగిలింది నేలలో ఉన్న చిటికెన వేలంత కేబులే.

ఆ కేబుల్ వేయడానికి ఒక పద్ధతుంది. బయట 40, లోపల 33 మిల్లీమీటర్ల వ్యాసమున్న హెచ్‌డీపీఈ డక్ట్‌ను (గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని) 165 సెంటీమీటర్ల లోతున పరచాలి. పైన హెచ్చరిక టేపు వేసి పూడ్చాలి. మన వైపు రెండడుగులు తవ్వగానే బండ తగిలే చోట్లు కొల్లలు. అలాంటి చోట తక్కువ లోతులో వేసినా పైన కాంక్రీటు పోయాలి. చాలాచోట్ల పోయరు. రోడ్డంచున సన్నగా కోసి అడుగు లోతులో పెట్టి తారు పూసేసినవీ ఉన్నాయి. రెండేళ్లకు అదే అంచున డ్రైనేజీ కాలువ మంజూరవుతుంది, జేసీబీ దిగుతుంది. తప్పంతా జేసీబీదేనంటే కంపెనీలకు హాయిగా ఉంటుంది గానీ, అడుగు లోతులో పెట్టినవాడికి తెలియదా ఇది ఏదో ఒకరోజు తెగుతుందని?

తెగాక ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. కరెంటు తీగలా మెలేసి టేపు చుడితే అయిపోయే పని కాదు. తెగిన చోటుకు దగ్గర్లో లూప్ (మిగులుగా చుట్టి పెట్టిన కేబుల్) వదిలి ఉంటే దాన్ని లాగి ఒక్క జాయింట్‌తో సరిపెట్టొచ్చు. లూప్ లేకపోతే మధ్యలో కొత్త ముక్క వేసి రెండు వైపులా రెండు క్లోజర్లు (అతుకులను కాపాడే మూత పెట్టెలు) పెట్టాలి. 24 కోర్ల (పోగుల) కేబుల్ అయితే 48 అతుకులు. ఒక్కో అతుకుకు స్లీవ్‌ను (అతుకును కప్పే సన్న గొట్టాన్ని) ముందే ఎక్కించుకుని, పోగు మీది పూత ఒలిచి, 125 మైక్రాన్ల గాజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లీవర్‌తో నిటారుగా కోసి మెషీన్‌లో పెట్టాలి. అతికించడం పది సెకన్ల పనే. ముందూ వెనకా చేసేదంతా కలిపితే మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. గొయ్యి తవ్వుకోవడం, క్లోజర్ బిగించడం కాక ఒట్టి అతుకులకే మూడు గంటలు. లాస్ (అతుకు దగ్గర పోయే వెలుతురు) 0.05 డీబీ, అంటే డెసిబెల్, లోపు వస్తే మంచి అతుకు. 0.1 దాటితే తెంచి మళ్లీ వేయాలి. రోడ్డు పక్క దుమ్ము మెషీన్ గాడిలో ఒక్క రేణువు పడినా పోగులు ఎదురెదురుగా కూర్చోవు. రాత్రిపూట టార్చి వెలుతురులో బురద అంటిన బూడిద రంగు పోగు, తెల్ల పోగు ఒకేలా కనిపిస్తాయి. అవి అటూ ఇటూ మారితే రెండు లింకులూ పడిపోతాయి, మళ్లీ క్లోజర్ విప్పాల్సిందే.

పూర్తిగా తెగడమే నయం అనిపించే సందర్భాలున్నాయి. బకెట్ పన్ను కేబుల్‌ను తెంచకుండా ఈడ్చిందనుకోండి. ఆ లాగుడు వంద మీటర్ల అవతలి క్లోజర్ దాకా పోతుంది. అక్కడ ట్రేలో గుండ్రంగా చుట్టిన పోగులు బిగుసుకుని వంగిపోతాయి. పైకి ఏమీ కనబడదు. ఓటీడీఆర్‌తో (పోగులోకి వెలుతురు పంపి లోపం ఎంత దూరంలో ఉందో చూపే మెషీన్‌తో) 1310 నానోమీటర్ల తరంగం దగ్గర చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, 1550 దగ్గర చూస్తేనే లాస్ బయటపడుతుంది, ఎందుకంటే వంపు దగ్గర పొడవు తరంగాలే ఎక్కువగా బయటికి కారిపోతాయి. రెండు తరంగాల మీదా పరీక్షించకుండా ‘లైన్ ఓకే’ అనేవాళ్లను నమ్మకూడదు. ఇక తొడుగుకు గాటు పడ్డ కేబుల్‌ను కంట్రాక్టరు మనిషి గప్‌చుప్‌గా మట్టి కప్పేస్తే అది అన్నిటికంటే చెడ్డది. నీళ్లు లోపలికి దిగి, వానాకాలం వచ్చాక అది పోతుంది. అప్పటికి ఆ చోట సిమెంటు రోడ్డు పడి ఉంటుంది.

తెగిన చోటు పట్టుకోవడమూ అంత తేలిక కాదు. ఓటీడీఆర్ చెప్పేది గాజు పోగు పొడవు, రోడ్డు పొడవు కాదు. చాంబర్లలో (కేబుల్ కోసం నేలలో కట్టిన గుంటల్లో) వదిలిన పది పదిహేను మీటర్ల లూపులు, ట్యూబులో పోగు మెలికలు అన్నీ అందులో కలుస్తాయి. మెషీన్‌లో వక్రీభవన గుణకం (గాజులో వెలుతురు ఎంత నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 1.468 పెట్టాల్సింది 1.463 పెడితే నాలుగు కిలోమీటర్ల మీద దాదాపు 14 మీటర్ల తేడా వస్తుంది. ఏ చాంబర్లో ఎంత లూప్ ఉందో రాసిన రిజిస్టరు లేని రూటులో రోడ్డును రెండు మూడు చోట్ల తవ్వి చూడాల్సి వస్తుంది. ఆ గుంటలు చూసి జనం తిట్టేదీ మమ్మల్నే.

రింగ్ (టవర్లను వలయంలా రెండు దారుల్లో కలిపే కేబుల్) సంగతి కూడా చెప్పాలి. ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి డేటా తిరిగి రావాలన్నది దాని ఉద్దేశం. కాగితం మీద రింగ్ అని గీసి, ఖర్చు తగ్గుతుందని రెండు దారుల కేబుళ్లనూ ఒకే కందకంలో వేస్తే జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. కొండ మీదికైతే ఇది మరీ ముఖ్యం. 2021 నవంబరు వానలకు ఘాట్ రోడ్ల మీద కొండచరియలు విరిగిపడ్డ సంగతి ఎవరూ మరిచిపోలేదు. బ్రహ్మోత్సవాల రద్దీకి లారీల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి నిలబెడతారు సరే, వాటికీ కింద ఫైబర్ ఉండాలి కదా.

తవ్వకాల సమాచారం కోసమని కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. కేబుళ్ల నష్టం ఏటా మూడు వేల కోట్ల రూపాయల మేర ఉంటుందని అప్పుడు చెప్పిన లెక్క. తవ్వేవాళ్లు చోటు, తేదీ నమోదు చేస్తే ఆ నేలలో కేబుళ్లు, పైపులు ఉన్న సంస్థలకు సందేశం వెళ్తుంది. ఆలోచన మంచిదే. చిక్కంతా ఎక్కడంటే, యాప్ ఉండేది కంట్రాక్టరు ఆఫీసులో, లివర్లు పట్టుకునేది గంటల లెక్కన బాడుగకు వచ్చిన జేసీబీ డ్రైవరు. అతనికి కేబుల్ ఎక్కడుందో చెప్పే నాథుడుండడు. పైగా కంపెనీలు తమ రూటు మ్యాపులు సరిగా ఎక్కించకపోతే యాప్ చూపించేదీ ఏమీ ఉండదు.

అందుకే తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో తవ్వకం పనుల టెండరు షరతుల్లోనే ఈ విషయం రాయాలని కోరుతున్నాం. యాప్‌లో నమోదు చేసిన రసీదు లేనిదే పని మొదలుపెట్టకూడదు. మిషను దిగేముందు కాలువ వెళ్లే దారికి అడ్డంగా గడ్డపార, పారతో ఒక పరీక్ష గుంట తీయాలి. హెచ్చరిక టేపు గానీ డక్ట్ గానీ కనబడితే ఆ చుట్టూ అర మీటరు దాకా చేత్తోనే తవ్వాలి. తెగితే కొసలు లాగొద్దు, మట్టి కప్పొద్దు, గొయ్యి అలాగే ఉంచి ఫోను చేయాలి. జాయింట్ వేసేవాళ్లు కూర్చోవడానికి మీటరున్నర చదరం చోటు కావాలి, అది ముందే ఉంటే గంట కలిసొస్తుంది. కేబుల్ యజమానుల సంతకం లేకుండా చివరి బిల్లు పాస్ చేయకపోతే మిగతావన్నీ వాటంతటవే జరుగుతాయి. కంపెనీలు తమ వంతుగా కేబుల్ దారి చూపే రూటు రాళ్ల మీద పనిచేసే ఫోను నంబరు రాయించాలి. స్తంభాల మీద వేలాడే చచ్చిన కేబుళ్లను తీసేయాలి. చెట్ల కొమ్మలు కొట్టేటప్పుడు ఏది బతికిందో ఏది చచ్చిందో తెలియక మంచిదాన్నే కోసేస్తున్నారు.

నష్టపరిహారం వస్తుందిలే అని ఊరుకునేవారికి ఒక మాట. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన నిబంధనల్లో 24 గంటలు దాటిన అంతరాయానికి అద్దె తగ్గింపు, వ్యాలిడిటీ పెంపు ఉన్నాయి. కానీ అవి జిల్లా స్థాయిలో నెట్‌వర్క్ పడిపోయినప్పటి మాట. తిరుపతి కొర్లగుంటలో ఒక వీధి రెండు రోజులు నెట్ లేకుండా ఉంటే ఆ లెక్కలోకి రాదు.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎక్స్ఛేంజి పరికరం నుంచి సుమారు ప్లస్ 3 డీబీఎం (వెలుతురు బలానికి కొలత) వెలుతురు బయల్దేరుతుంది. ముప్పై రెండు ఇళ్లకు పంచే స్ప్లిటర్‌లోనే 17 డీబీ పోతుంది. అయిదు కిలోమీటర్ల పోగులో ఒకటిన్నర, కనెక్టర్లలో ఇంకో ఒకటిన్నర, అతుకుల్లో అర. మీ బాక్సుకు చేరేది మైనస్ 17, 18 దగ్గర. మైనస్ 27 కంటే కిందికి పడిపోతే బాక్సు పనిచేయదు, ఎర్ర లైటు వెలుగుతుంది. హడావిడి అతుకులు, బిగుసుకున్న వంపులు ఒక్కో రిపేరుకు రెండు మూడు డీబీ మింగేస్తూ పోతే లైటు పచ్చగానే ఉంటుంది, వీడియో కాల్ మాత్రం నిమిషానికోసారి ఆగుతుంది. రూటర్ మార్చినా ప్లాన్ మార్చినా అది బాగుపడదు. లైన్ బాగున్న రోజునే రిసీవ్ పవర్ (బాక్సుకు చేరే వెలుతురు) ఎంతో మీ టెక్నీషియన్‌ను అడిగి బాక్సు మీద రాయించుకోండి. రిపేరు తర్వాత మళ్లీ చూపించమనండి. మైనస్ 18 ఉన్నది మైనస్ 24 అయిందంటే, జాయింట్ విప్పి మళ్లీ వేయమని పట్టుబట్టండి.

— ఫైబర్ జాయింటింగ్ పనివారు కొందరు,
తిరుపతి