అంగన్‌వాడీలకు రెండో టీచర్‌ను ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

రాష్ట్రంలో కొన్ని సర్కారు బడుల్లో ప్రీప్రైమరీ తరగతులు తెరిచారు. మంచి పనే. అయితే మూడు నుంచి ఆరేళ్ల పిల్లల చదువు అనగానే అందరూ బడుల గురించే మాట్లాడుతున్నారు, ఊరూరా ఉన్న అంగన్‌వాడీలు ఎవరికీ గుర్తుకు రావడం లేదు. తెలంగాణలో సుమారు 35,700 కేంద్రాలున్నాయి. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) మొదలైనప్పటి నుంచీ పసిపిల్లలకు ఆటపాటలతో చదువు చెప్పడం వాటి బాధ్యతే. యాభై ఏళ్లయినా ఆ ఒక్క పని వెనకబడే ఉంది. ప్రతి కేంద్రంలో పిల్లల చదువు మాత్రమే చూసుకునే ఇంకో మనిషిని పెట్టాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒక్కసారి అంగన్‌వాడీ టీచర్ పొద్దు ఎలా గడుస్తుందో చూడండి. గర్భిణులు, బాలింతలు భోజనానికి వస్తారు. పసిపిల్లల పోషకాహార పొడి బాలామృతం పంచాలి, గుడ్ల లెక్క రాయాలి. పిల్లల బరువు, ఎత్తు కొలిచి పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎక్కించాలి. నెట్ రాకపోతే ఫోన్ పట్టుకుని వాకిట్లో నిలబడాలి. మధ్యలో టీకాల రోజు వస్తుంది, సర్వే వస్తుంది, చాలామందికి ఓటర్ల జాబితా పని కూడా ఉంటుంది. ఆయమ్మ వంటతోనే సరిపోతుంది. ఇవన్నీ అయ్యాక పిల్లలతో కూర్చునే సమయం ఎంత మిగులుతుంది? చదువు సాగడం లేదని ఆ టీచర్‌ను నిందించడం అన్యాయం.

ఇంకో మనిషిని ఇస్తే ఏమవుతుందో మన దక్షిణాదిలోనే పరీక్షించి చూశారు. తమిళనాడులో 640 అంగన్‌వాడీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం కేంద్రాలకు మాత్రమే చదువు చెప్పడానికి సగం రోజు పనిచేసే మనిషిని ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, అలెహాంద్రో గనిమియన్, క్రిస్టఫర్ వాల్టర్స్ అనే ఆర్థికవేత్తలు ఈ పరిశోధన చేశారు. ఆ కేంద్రాల్లో పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపైంది. పద్దెనిమిది నెలల తర్వాత చూస్తే లెక్కల్లో, అంతకంటే ఎక్కువగా భాషలో, పిల్లలు మిగతా కేంద్రాల వాళ్లకంటే ముందున్నారు. మనసు నిలిపి ఒక పని చేసే శక్తి కూడా పెరిగింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో ఫలితం. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు, తీవ్రమైన పోషకాహార లోపం ఉన్న పిల్లలు ఆ కేంద్రాల్లో తగ్గారు. కొత్త మనిషిని పెట్టింది చదువు కోసమే. కానీ చదువు బరువు తగ్గాక పాత టీచర్‌కు తిండి, ఆరోగ్యం చూసే తీరిక దొరికింది. పోషణ ముందా, చదువు ముందా అని మనం ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. మనుషులు సరిపడా ఉంటే రెండూ కలిసే సాగుతాయని అక్కడ తేలింది.

పసితనంలో పెట్టిన ఖర్చు ఎంతకాలం నిలుస్తుందో చెప్పే పరిశోధనలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. అమెరికాలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ గురించి ఎక్కువగా చెబుతారు గానీ, ఐదారుగురు పిల్లలకు ఒక టీచర్ చొప్పున నడిచిన ఆ బడి ఖర్చు మనం మోయలేం. మనకు దగ్గరైనది జమైకా అనుభవం. 1980లలో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల లేని పసివాళ్ల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి వెళ్లేవారు. పారేసే డబ్బాలు, మూతలతో చేసిన బొమ్మలతో పిల్లలను ఎలా ఆడించాలో, వాళ్లతో ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించేవారు. అలా రెండేళ్లు చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత లెక్క చూస్తే, ఆ పిల్లల సంపాదన అలాంటి సాయం అందని పిల్లలకంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. రెండో టీచర్ అంటే అంగన్‌వాడీని ఎల్‌కేజీగా మార్చడం అనుకోవద్దు. 2011 నుంచి 2016 వరకు తెలంగాణ, రాజస్థాన్, అస్సాం పల్లెల్లో వేలమంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల వరకు గమనించారు. పిల్లల చదువులపై సర్వేలు చేసే అసర్ సెంటర్, ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన ఆ అధ్యయనం 2017లో వెలువడింది. అంగన్‌వాడీల్లో చదువు చాలా తక్కువగా ఉందని, ప్రైవేటు ప్రీస్కూళ్లు ఒకటో తరగతి చదువునే కిందికి దించి పసివాళ్లతో వల్లె వేయిస్తున్నాయని అది చెప్పింది. ఐదేళ్లు వచ్చినా చాలామంది పిల్లలు బడికి సిద్ధంగా లేరు. వయసుకు తగిన ఆటలు, కథలు, మాటలు ఉన్న చోటే తేడా కనిపించింది.

నేను చాలా ఏళ్లు ఒకటో తరగతికి చెప్పాను. ఏ నుంచి జడ్ వరకు గడగడా అప్పజెప్పి, ఎదురుగా ఐదు చింతగింజలు పెట్టి లెక్కపెట్టమంటే బిక్కమొహం వేసే పిల్లలను ఏటా చూశాను. యూకేజీ చదివిన పిల్లవాడు నిన్న ఇంట్లో ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పలేకపోయేవాడు. మరోవైపు, ఇంట్లో నాయనమ్మ దగ్గర కథలు విని, గవ్వలాట ఆడిన పిల్లలు ఒక్క అక్షరం రాకుండా వచ్చినా దసరా సెలవుల నాటికి చదవడం పట్టుకునేవారు. మూడేళ్ల పిల్లల చేత నాలుగు గీతల కాపీలో అక్షరాలు దిద్దించి హోంవర్క్ టెన్షన్ పెట్టడం చూస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ వేళ్లకు ఇంకా బలం రాలేదు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం, ఇవే ఆ వయసులో రాతకు సాధన.

ఇక డబ్బు సంగతి. సగం రోజు పనికి నెలకు 7 వేల రూపాయలు అనుకుందాం. 35,700 కేంద్రాలకు ఏడాదికి దాదాపు 300 కోట్లు అవుతుంది. 2025-26 రాష్ట్ర బడ్జెట్ 3 లక్షల 4 వేల కోట్లు దాటింది. అందులో ఇది సుమారు వెయ్యో వంతు. శిక్షణ, ఆట వస్తువులు కలిపితే ఇంకొంత పెరుగుతుంది, అయినా ప్రభుత్వం మోయలేని భారం కాదు. 7 వేలు చాలా తక్కువన్న సంగతి నాకూ తెలుసు, ఇంకా ఎక్కువ ఇస్తే మరీ మంచిది. ఊళ్లో ఇంటర్, డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉండిపోయిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. ఈ పని వాళ్లకు గౌరవంగా ఉంటుంది, పిల్లలతో మన యాసలో మాట్లాడే మనిషీ దొరుకుతుంది.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాలి. ఈ రెండో టీచర్‌కు యాప్ పని, సర్వే పని, ఎన్నికల పని అప్పగించకూడదని ఉత్తర్వులోనే రాయాలి. లేకపోతే ఆరు నెలల్లో ఆమె చేతిలోనూ రిజిస్టర్లే ఉంటాయి.

నాణ్యమైన పూర్వ ప్రాథమిక విద్య 2030 నాటికి అందరికీ అందాలని 2020 జాతీయ విద్యా విధానం గడువు పెట్టింది. ఆ గడువు ఎంతో దూరం లేదు. మహిళా శిశు సంక్షేమ శాఖ వచ్చే విద్యా సంవత్సరంలో కనీసం రెండు జిల్లాల్లో, ఒకటి ఏజెన్సీ ప్రాంతంలో ఉండేలా, దీన్ని మొదలుపెట్టాలి. ఏడాది తర్వాత పిల్లలు ఏం నేర్చుకున్నారో, ఎంత ఎదిగారో బయటివాళ్ల చేత కొలిపించి, ఆ లెక్కలు ప్రతి గ్రామపంచాయతీలో అతికించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ