నత్తి పిరికితనం కాదు

సంపాదకుల వారికి,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో నత్తి మీద వచ్చిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. నత్తికి మూలం భయమేనట, పిల్లలకు ధైర్యం నూరిపోస్తే పోతుందట. తప్పు. యాభై ఏళ్లుగా నత్తితోనే నెట్టుకొస్తున్నవాణ్ని, మా చిన్నవాడికీ అదే వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

నత్తి ఎక్కువగా రెండేళ్ల నుంచి ఐదేళ్ల లోపు, మాటలు నేర్చే వయసులో మొదలవుతుంది. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. దానితో ముడిపడిన జన్యువులను అమెరికా పరిశోధకులు 2010లోనే గుర్తించారు. భయం, కంగారు నత్తిని పుట్టించవు, ఉన్నదాన్ని పెంచుతాయి. వైద్యం గురించి రాసేవారికి ఈ తేడా తెలియకపోతే ఎలా?

మావాడు తొమ్మిదో తరగతి. పొద్దున్నే బడిలో అందరితో కలిసి ప్రతిజ్ఞ చెబితే ఒక్క అక్షరం తడబడడు. గేదెకు మేత వేస్తూ దాంతో గడగడా మాట్లాడతాడు. పాటైతే ఇక చెప్పక్కర్లేదు. అదే ప్రతిజ్ఞ ముందు నిలబడి ఒక్కడే చెప్పాల్సిన రోజున ‘భారతదేశం’లో ‘భా’ దగ్గరే పెదాలు బిగుసుకుపోయాయి, మెడ నరాలు తేలాయి. వెనక వరసల్లో నవ్వులు. ‘తొందరగా కానియ్’ అన్నారు మాస్టారు. దాంతో వచ్చే మాట కూడా ఆగిపోయింది. మళ్లీ వంతు వస్తుందని తెలిసి ముందురోజు రాత్రి అన్నం మానేశాడు. మాట ఎక్కడ ఆగుతుందోనన్న బెంగకే గొంతు బిగుస్తుంది. బిగుస్తే మాట ఆగుతుంది. ఆగితే మర్నాటికి బెంగ రెట్టింపవుతుంది. ఇందులో ధైర్యం చెప్పి చేసేదేముంది? ఎదుటివాళ్లు రెండు క్షణాలు ఓపిక పడితే చాలు. వాడి వయసు దాటాక నేనూ ‘పా’ పలకలేక, పాలకొల్లులో దిగాల్సినవాణ్ని నరసాపురానికి టికెట్ తీసుకున్న రోజులున్నాయి.

చిన్నప్పుడు నాకు వసకొమ్ము అరగదీసి నాకించారు, నోట్లో గులకరాళ్లు పెట్టి పద్యాలు చదివించారు. వాళ్లకు తెలియక చేశారు. ఇప్పుడు తెలిసినవాళ్లు చేస్తున్నదేమిటి? మావాణ్ని తీసుకుని ఒక ప్రభుత్వాసుపత్రికి మూడుసార్లు వెళ్లాను. స్పీచ్ థెరపిస్ట్ గదికి మూడుసార్లూ తాళమే. పోస్టు ఖాళీ అట, ఎప్పుడు భర్తీ చేస్తారో ఎవరూ చెప్పరు. వైకల్యాలను 21 రకాలుగా గుర్తించిన 2016 చట్టంలో మాట వైకల్యం గురించి చెబుతూ స్వరపేటిక తొలగింపు, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) పేర్లు రాశారు, నత్తి పేరు రాయలేదు. సినిమాల్లోనేమో నత్తివాడంటే జనాన్ని నవ్వించడానికే. అది చూసి పెరిగిన పిల్లలే బడిలో నవ్వుతున్నారు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. మావాడి బడిలో మాస్టార్లు చదివేది మీ పత్రికే.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా