స్నానం చెయ్యని గదికి స్నానాలగది వేషం దేనికి?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ పేజీ వదలకుండా చదువుతాను. టీవీ గోడ మీద, మాడ్యులర్ కిచెన్ మీద అంతంత రాస్తారు గానీ, వచ్చినవాళ్ల కోసం హాలు పక్కన కట్టే చిన్న వాష్‌రూమ్ జోలికి పోరు. ఎప్పుడన్నా రాసినా పక్కన వేసే ఫొటోలు ఏ స్టార్ హోటల్‌వో అయి ఉంటాయి. మా హనుమకొండ, కాజీపేటల్లో కొత్తగా లేస్తున్న చాలా ఇళ్లలో ఈ గది ఉండేది మెట్ల కింద. మూడడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఒక కమోడ్, ఒక బుల్లి బేసిన్, తల వంచితే తప్ప నిలబడలేని ఓ మూల. దీన్నే ఇప్పుడు పౌడర్ రూమ్ అంటున్నారు, అననివ్వండి.

నా బాధ ఒక్కటే. ఈ గదిలో ఎవరూ స్నానం చెయ్యరు. వేడినీళ్ల ఆవిరి ఉండదు, గోడల నిండా నీళ్లు పడవు. మరి నేల నుంచి స్లాబు దాకా మెరిసే టైల్స్ ఎందుకు? వద్దని మేస్త్రీ చెప్పడు, షాపువాళ్లు ఎలాగూ చెప్పరు, పక్కింటివాళ్లు వేయించారని మనమూ వేయిస్తాం. తీరా లోపలికి పోతే ఫ్రిజ్‌లో నిలబడ్డట్టు ఉంటుంది. పైగా డిజిటల్ టైల్స్ వచ్చాక జలపాతాలు, డాల్ఫిన్లు. ఒక ఇంట్లోనైతే కమోడ్ వెనక ఏకంగా కాకతీయ తోరణమే! ఏమనాలో తోచక చేతులు కడుక్కుని వచ్చేశాను.

మనం జెట్ స్ప్రే వాడతాం కాబట్టి కమోడ్ చుట్టూ నాలుగడుగుల ఎత్తు వరకు టైల్స్ ఉండాలి, బేసిన్ వెనక ఇంకో జానెడు పైకి. ఆ పైన పుట్టీ పెట్టి, తడిగుడ్డతో తుడిచినా చెదరని ఎమల్షన్ చాలు. చిన్న గదికి తెలుపే వెయ్యాలని అందరూ అంటారు, నేను ఒప్పుకోను. రెండు నిమిషాలు ఉండి వచ్చే గదే కదా, హాల్లో బరువుగా అనిపించే నెమలికంఠం నీలం, ఇటుక ఎరుపు ఇక్కడే బాగుంటాయి. అదే రంగు పైన ఏటవాలు స్లాబుకి కూడా వేయిస్తే మెట్ల వంకర అంతగా కనిపించదు. నెత్తి మీద ఒకే ఒక్క తెల్ల లైటు పెడితే అద్దంలో మొహం పేషెంటు మొహంలా ఉంటుంది, అద్దానికి రెండు పక్కలా కాస్త పసుపు వెలుగిచ్చే 3000 కెల్విన్ లైట్లు పెట్టించుకోండి, ఆ నంబరు డబ్బా మీదే రాసి ఉంటుంది.

గోడకి ఏం పెట్టాలంటే, మనకి దూరం పోవాల్సిన పని లేదు. చేర్యాల నకాషీ బొమ్మలున్నాయి, నిర్మల్ పెయింటింగ్స్ ఉన్నాయి. దేవుళ్ల బొమ్మలు మాత్రం అక్కడ వద్దు, పల్లె పనుల బొమ్మో, ఆడ మగ మొహాల మాస్కుల జతో తీసుకుని బేసిన్‌కి ఎదురు గోడకి, నీళ్ల చుక్క తగలనంత ఎత్తులో పెట్టండి. సబ్బు పెట్టుకోవడానికి పెంబర్తి ఇత్తడి పళ్లెం ఒకటి చాలు, చింతపండుతో తోమితే మెరుస్తుంది. వరంగల్ కొత్తవాడ జంపఖానా మంచిదే, 2018లో ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, కానీ తడి నేల మీద పరిస్తే పాడైపోతుంది, తలుపు బయట వేసుకోండి. నల్ల కుళాయిలు, నల్ల బేసిన్లు ఇప్పుడు ఫ్యాషన్ గానీ, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న ఇంట్లో వారం తిరక్కుండా తెల్ల మరకలు పడతాయి. ఆ తెల్లదనాన్ని రోజూ తుడిచే ఓపిక ఎవరికుంది? వంటగట్టు కోసం తెచ్చిన కరీంనగర్ గ్రానైట్‌లో మిగిలిన ముక్క బేసిన్ కింద వేయించుకుంటే ఖర్చూ కలిసొస్తుంది.

అసలు ముందు చూడాల్సింది గాలి. మెట్ల కింద గదికి కిటికీ ఉండదు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ గాలి నేరుగా ఇంటి బయటికి పోవాలి. కొందరు ఫాల్స్ సీలింగ్‌లోకి వదిలేస్తున్నారు, వాసన తిరిగి హాల్లోకే వస్తుంది. తలుపు కింద వేలెడు సందు లేకపోతే ఫ్యాన్ తిరుగుతుంది గానీ గాలి లాగదు. ఆ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి, లోపలికైతే కమోడ్‌కి తగులుతుంది. చుట్టాలు వచ్చినప్పుడే వాడే గదైతే నేల మీది జాలీ కింద, వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే ట్రాప్‌లో ఆ నీళ్లు ఎండిపోయి డ్రైనేజీ వాసన పైకి కొడుతుంది. వారానికోసారి చెంబెడు నీళ్లు పోస్తే అది ఆగుతుంది. సెంటు సీసాలు, ప్లాస్టిక్ పూలు కొనేవాళ్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు!

ఈసారి ఈ గది గురించి రాస్తే మన వైపు ఇళ్లే చూపించండి, ఎంత ఖర్చయిందో, టైల్స్ ఎంత ఎత్తు వేశారో కూడా వెయ్యండి. కావాలంటే మీ ఫొటోగ్రాఫర్‌ని మా ఇంటికి పంపండి, కమోడ్ మూత వేసి తియ్యమనండి చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ