మా అమ్మకు వాక్యం తినిపించిన బాబాయి గారికి

23 రోజుల తర్వాత మొన్న శనివారం సాయంత్రం అమ్మను ఇంటికి తెచ్చుకున్నాం. కుడి చెయ్యి ఇంకా లేవడం లేదు, మాట ముద్దముద్దగా వస్తోంది. కానీ జావ తనే మింగుతోంది. ఇది రాస్తుంటే పక్క మంచం మీద నిద్రపోతోంది. నేను సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తెలియదు, తప్పులుంటే మన్నించండి. రేపటికి వాయిదా వేస్తే చెప్పాల్సినవి మర్చిపోతానేమోనని ఈ రాత్రే కూర్చున్నాను.

మా తమ్ముడు, మా ఆయన, పిల్లల్ని చూసుకున్న అత్తయ్య, అందరూ ఎంతో చేశారు. ఇంట్లోవాళ్ళకు థ్యాంక్స్ చెబితే కోప్పడతారు. నేను చెప్పాలనుకున్నది మాకు ఏమీ కాని ఒక పెద్దాయన గురించి. పేరు రాయొద్దన్నారు, రాయను. నేను బాబాయి గారూ అని పిలిచేదాన్ని.

మాది ఫిరంగిపురం దగ్గర పల్లెటూరు, మేం క్యాథలిక్కులం. ఊళ్ళో చర్చిలో పూజ ఉన్న రోజు అమ్మ దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా మేం తీసుకునే అప్పం) తీసుకోకుండా ఇంటికి రావడం నేను చూడలేదు. పూజ లేని రోజు ఆనాటి బైబిలు పఠనాలు వాకిట్లో కూర్చుని గట్టిగా చదువుకునేది. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక తెల్లవారుజామున అలా చదువుతూనే పక్కకు ఒరిగిపోయింది. స్ట్రోక్ అన్నారు. గుంటూరులో చూపించి, అక్కడి నుంచి విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మింగడం పోయింది. ముక్కులో గొట్టం వేశారు, నోటి ద్వారా చుక్క నీళ్ళు కూడా ఇవ్వొద్దన్నారు, ఊపిరితిత్తుల్లోకి పోతాయట.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక మొదటి ఆదివారం. ఉదయం ఏడుకు అమ్మ గోడ మీది గడియారం వైపు చూసి ఏడ్చింది. నొప్పేమోనని నర్సును పిలిచాను. తర్వాత అర్థమైంది. మా ఊళ్ళో అది పూజ టైము.

దగ్గర్లో ఉన్న ఒక చర్చికి ఫోన్ చేశాను. మీది ఏ విచారణ (అంటే ఏ చర్చి పరిధి), మీ విచారణ గురువుల దగ్గర నుంచి ఉత్తరం తెచ్చారా అని అడిగారు. ఆ ఉత్తరం కోసం అమ్మను వదిలి ఊరికి ఎలా వెళ్ళను? ఫోన్ పెట్టేసి వరండాలో నిలబడ్డాను. అక్కడి కిటికీలోంచి గుణదల కొండ మీది సిలువ కనిపిస్తుంది. ప్రతి ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకు మా అమ్మ వచ్చే కొండ. అంత దగ్గర్లో ఉండి కూడా ఎవరూ లేనట్టు అనిపించింది.

బాబాయి గారు వచ్చింది ఆ మధ్యాహ్నమే, మా కోసం కాదు. పక్క మంచం ఆయనకు సత్ప్రసాదం ఇవ్వడానికి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారట. తెల్ల చొక్కా, జేబులో సత్ప్రసాదం ఉన్న చిన్న పెట్టె, సంచిలో అరిగిపోయిన బైబిలు. వెళ్ళిపోతూ అమ్మ చేతిలో జపమాల చూసి ఆగారు. "మీరు ఆర్‌సీఎంలా అమ్మా?" అన్నారు, అంటే రోమన్ క్యాథలిక్కులా అని. అవునన్నాను. అంతే, ఏ ఊరు, ఏ విచారణ, ఉత్తరం ఉందా అని ఒక్కటీ అడగలేదు. నర్సు దగ్గరకు వెళ్ళి "నోటి ద్వారా ఏమైనా ఇవ్వచ్చా సిస్టర్?" అని అడిగారు. వద్దని చెప్పగానే వాదించలేదు, చిన్న ముక్కేగా అనలేదు. పెట్టెను తిరిగి జేబులో పెట్టుకుని స్టూలు జరుపుకుని అమ్మ ఎడమ వైపు కూర్చున్నారు.

"చెల్లెమ్మా, ఇవాళ ప్రభువును నోటితో తీసుకోలేవు. చెవితో తీసుకో. అదీ ఆహారమే" అన్నారు.

బైబిలులో ఏలీయా ప్రవక్త కథ చదివారు. ఇక చాలు ప్రభూ, ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకున్న ఏలీయాను దేవదూత తట్టి లేపి, లేచి తిను, లేకపోతే ఇంత దూరం నడవలేవు అంటాడు కదా, అది. నెమ్మదిగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగుతూ చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు. వివరించలేదు, ప్రసంగం చేయలేదు. చివర్లో 23వ కీర్తన అందుకున్నారు. అమ్మ ఎడమ చేతి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. పెదవులు కూడా. కంఠతా వచ్చిన కీర్తన అది. ఆరు రోజులుగా నేను పిలిచినా సరిగ్గా పలకని మనిషి.

చిన్నప్పుడు మాకు మతబోధ చేసే ఉపదేశి గారు మాతో చెప్పించేవారు, యెహెజ్కేలు ప్రవక్త గ్రంథపు చుట్టను తింటే నోటికి తేనెలా ఉందని. పాఠంగా అప్పజెప్పానే గాని అర్థమైంది ఈ వార్డులోనే. మా బిషప్పులందరూ కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో చెప్పింది కూడా ఇదే: దేవుని వాక్కు, క్రీస్తు శరీరం రెండూ ఉన్న బల్ల నుంచి శ్రీసభ, అంటే మా క్యాథలిక్ సంఘం, జీవాహారాన్ని అందిస్తుందని. నేను ఇన్నేళ్ళూ పఠనాలు అయ్యేసరికి గుడికి చేరితే చాలు, సత్ప్రసాదం అందుతుంది కదా అనుకునేదాన్ని.

మర్నాడు ఆయనే ఒక ఫాదర్ గారిని తీసుకొచ్చారు. ఫాదర్ గారు అమ్మ నుదుటికి, చేతులకు తైలం పూసి రోగులకిచ్చే అభ్యంగనం ఇచ్చారు. మెట్ల దగ్గర నా పాపసంకీర్తనం, అంటే పాపాల ఒప్పుకోలు కూడా విన్నారు. ఆ మరుసటి రోజు బాబాయి గారు అమ్మకు చదవడం అయ్యాక నా వైపు తిరిగి "నువ్వు తీసుకుంటావా అమ్మా?" అన్నారు. నాకు సిగ్గేసింది. పావుగంట క్రితమే టీ, రెండు బిస్కెట్లు తిన్నాను. సత్ప్రసాదానికి ముందు ఉండాల్సిన గంట ఉపవాసం లేదు బాబాయి గారూ, రేపు తీసుకుంటాను అన్నాను.

ఆయన అన్న మాట ఇది. "రోగులకే కాదమ్మా, రోగిని చూసుకునేవాళ్ళకు కూడా ఆ నియమం లేదు. నీ గురించి కూడా శ్రీసభ ఆలోచించి పెట్టింది."

అప్పటిదాకా నేను ఏడవలేదు. స్కాన్ చూపించినప్పుడు ఏడవలేదు, డాక్టరు గారు 72 గంటలు చూడాలన్నప్పుడు ఏడవలేదు. నీ గురించి కూడా అన్న ఆ ఒక్క మాటకు వార్డులో అందరి ముందూ భోరుమన్నాను. ఆయన ఏమీ అనకుండా నేను తేరుకునేదాకా నిలబడ్డారు. తర్వాత వెతికి చూశాను, 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో 919వ సూత్రంలో నిజంగానే ఉంది. ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో మనుషుల్ని చూసుకుంటూ, తిన్నామని సత్ప్రసాదం మానుకుంటున్నవాళ్ళు ఎందరో ఉంటారు. దయచేసి వాళ్ళకు చెప్పండి.

ఇది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. అడ్మిషన్ ఫారంలో మతం అని ఒక గడి ఉంది, నింపించుకున్నారు. ఎందుకు నింపించుకున్నారో ఇప్పటికీ తెలియదు. పక్క మంచం ఆయన డిశ్చార్జి అయ్యాక బాబాయి గారికి లోపలికి రావడానికి దారి లేకుండా పోయింది. పేషెంటుకు ఒక్కటే పాస్. ఆయన పైకి రావాలంటే నేను కిందకు దిగి పాస్ ఇచ్చి బయట ఉండాలి. ఒకరోజు నన్ను స్కానింగ్ రిపోర్టుల కోసం తిప్పుతుంటే, ఆయన గేటు దగ్గర 40 నిమిషాలు మార్చి ఎండలో నిలబడ్డారు. పక్కనే టీ కొట్టు, బెంచీ, నీడ. అక్కడ కూర్చోవచ్చు కదా అంటే "అక్కడ సిగరెట్లు, గోల. ప్రభువును పెట్టుకుని ఎలా వెళ్ళనమ్మా" అన్నారు. ఆ వయసు మనిషి, రెండు బస్సులు మారి వచ్చేవారు. రోగి ప్రాణానికి ఆక్సిజన్ ఎంత అవసరమో, నమ్మినవాళ్ళకు ఇదీ అంతే అవసరం. రోజుకు పది నిమిషాలు, ఒక మనిషిని, వాళ్ళ వాళ్ళ మతం ప్రకారం లోపలికి రానివ్వడానికి ఎంత ఖర్చవుతుంది? హిందువులకైనా, ముస్లింలకైనా, ఎవరికైనా. మా చర్చిల వాళ్ళను కూడా ఒకటి వేడుకుంటున్నాను, ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తే ఉత్తరం సంగతి తర్వాత అడగండి.

18వ రోజు మింగే పరీక్ష చేసి, మెత్తటివి కొంచెం కొంచెం పెట్టొచ్చన్నారు. బాబాయి గారు ముందు ఫాదర్ గారిని అడిగారు, తర్వాత నర్సును అడిగారు. అన్నం మెతుకంత ముక్క విరిచారు. అంతలోనూ ప్రభువు పూర్తిగా ఉంటాడు చెల్లెమ్మా అంటూ నాలుక మీద పెట్టారు. చిక్కగా కలిపిన నీళ్ళు ఒక చెంచా నేను పోశాను. ముగ్గురం అమ్మ గొంతు వైపే చూస్తున్నాం. మింగింది. ఎడమ చెయ్యి లేపి సిలువ గుర్తు వేసుకోబోయి నుదుటి దగ్గరే ఆగింది, మిగతాది బాబాయి గారు ఆ చెయ్యి పట్టుకుని వేయించారు.

నిన్న ఈస్టరుకు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం. నేను గుడికి వెళ్ళలేదు, అమ్మ పక్కన కూర్చుని పఠనాలు చదివాను. మొదటి పఠనం యెషయా 50వ అధ్యాయం. అలసినవాణ్ణి మాటతో ఆదుకోవడం ప్రభువు నాకు నేర్పాడు అని ఉంటుంది. చదువుతూ ఆగిపోయాను. అమ్మ "అన్నయ్య" అంది. ముద్దగానే, కానీ స్పష్టంగా వినబడింది. బాబాయి గారూ, ఈ సంగతి ఫోన్లో చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను. మీకు కృతజ్ఞతలు.

అయ్యో, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ గురించి రాయలేదు. కేరళ అమ్మాయి. రెండు మూడు సార్లు రూలు పక్కన పెట్టి బాబాయి గారినీ నన్నూ కలిసి లోపల ఉండనిచ్చింది. ఆమె లేకపోతే పైన రాసిన వాటిలో సగం జరిగేవి కావు.

ఇంకా: రాత్రిళ్ళు అమ్మను పక్కకు తిప్పడానికి సాయం పట్టిన ఆయమ్మ. పక్క మంచం వాళ్ళబ్బాయి, తన ఛార్జర్ వదిలేసి వెళ్ళాడు, నా దగ్గరే ఉంది, ఇది చూస్తే ఫోన్ చెయ్యి తమ్ముడూ. మూడుసార్లు జావ కాచి పంపిన కాన్వెంటు సిస్టర్లు. ఊళ్ళో ప్రతి సాయంత్రం మా ఇంటి ముందు జపమాల చెప్పించిన ఉపదేశి గారు. శనివారం గుంటూరు దాకా కుదుపు లేకుండా నడిపిన అంబులెన్స్ డ్రైవరు, ఆయన పేరు అడగడం కూడా మర్చిపోయాను.